దుర్ముఖి సంవత్సరమున రెండు రాష్ట్రములు

(ధర్సీవాలోని తెలుగువారి సభయందు చేసిన పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసము)



భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి స్మృత్యర్థమైన ఉపన్యాసమును బందరులోనో, హైదరాబాదులోనో గాక, ఒకవైపు వరిచేలును మరియొకవైపు సిల్తరా ఇనుపకర్మాగారముల పొగగొట్టములును గల ఈ ధర్సీవాలో ఏర్పాటు చేయుట యేల యని దూరమునుండి వినువారికి సందేహము కలుగవచ్చును. గుండుగొలనులో 1880వ సంవత్సరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, మచిలీపట్టణములో వైద్యవృత్తి సాగించి, 1923లో ఆంధ్ర బ్యాంకును, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పి, కాంగ్రెసు మహాసభ చరిత్రను వ్రాసి, 1948లో ఆ మహాసభకు అధ్యక్షుడైన ఆయనను ఆంధ్రదేశము తనవానిగా ఎరుగును. కాని 1952 జులై మొదలు 1957 జూన్ వరకు, అనగా మన తండ్రులును తాతలును ఈ రాయపూరు ప్రాంతమునకు వచ్చి కుదురుకొనుచుండిన కాలమున, ఈ నేలకు గవర్నరుగా నుండినవాడు ఆయనయే యని మన పిల్లలలో నెందరెరుగుదురు? ఈ కారణముచేత ఆయన స్మరణకు ఇది తగిన చోటని నేను నమ్ముచున్నాను.

ఒక సంవత్సరమును మాత్రము ఎన్నుకొని, దానిని నలువైపులనుండి పరికింపదలచితిని. అది 1956వ సంవత్సరము. మన పంచాంగములో అధికభాగము దుర్ముఖి. చరిత్ర గ్రంథములలో ఆ యేడు సూయెజ్ కాలువకును, హంగరీ తిరుగుబాటుకును ప్రసిద్ధము. తెలుగువారికి ఆంధ్రప్రదేశావతరణమునకు ప్రసిద్ధము. ఇచటి జనులకు మాత్రము అది తాము కోరిన రాష్ట్రము తమకు రాని సంవత్సరము. ఒకే దినమున ఒక భాషాజాతికి దక్కినది, దాని పొరుగున నున్న మరియొక జాతికి దక్కలేదు. దక్కినవారిలో పుట్టి, దక్కనివారి నడుమ బ్రతుకుచున్నవారము మనము. ఈ సంగతిని గూర్చి మనము తగినంతగా ఆలోచించియుండలేదని నా యభిప్రాయము.

ఈ ప్రాంతముతో పట్టాభిగారి సంబంధము గవర్నరు పదవితో మొదలైనది కాదు. 1939లో కాంగ్రెసు మహాసభ జబల్‌పూరు చెంత త్రిపురిలో జరిగినప్పుడు, దాని యధ్యక్షపదవికై సుభాస్‌చంద్రబోసుతో పోటీపడి ఓడిపోయినవాడాయన. ఆ యోటమిని తన యోటమిగా గాంధీమహాత్ముడు భావించిన సంగతి లోకవిదితము. పదుమూడేండ్ల తరువాత త్రిపురి యున్న ఆ మధ్యపరగణాలకే ఆయన గవర్నరై నాగపూరునకు వచ్చెను. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. కాంగ్రెసు సంస్థయందు ఆంధ్రకు ప్రత్యేకమండలమును సాధించినవారిలో అగ్రగణ్యుడైన ఆయనయే, 1948 డిసెంబరులో జవహర్‌లాల్, వల్లభభాయి పటేలులతో కూడిన సంఘములో మూడవ సభ్యుడై, భాషారాష్ట్రముల నిర్మాణమును కొంతకాలము వాయిదా వేయుట మంచిదనియు, ఆంధ్రులు మద్రాసు నగరముపై పట్టు విడిచినచో వారి కోరికను పరిశీలింపవచ్చుననియు 1949 ఏప్రిలులో నివేదికయందు సంతకము చేసెను. యావజ్జీవితము కోరిన కోర్కెకు తన చేతితోనే గడువు పెట్టవలసివచ్చిన ఆ మనుష్యుని మనఃక్లేశమును ఊహింపగలిగినచో, 1956 నవంబరు ఒకటవ తేదీ రాత్రి భోపాలులో ఆయన నిలిచియుండిన స్థానమునకు గల యర్థము మనకు బోధపడగలదు. దానిని గూర్చి ముందు చెప్పెదను.

సంవత్సరారంభమున దేశమంతయు ఫజల్ ఆలీ సంఘపు నివేదికను గూర్చియే మాటాడుకొనుచుండెను. హృదయనాథ కుంజ్రూ, కె. యం. పణిక్కరు సభ్యులుగా గల ఆ సంఘము 1955 సెప్టెంబరు చివర సమర్పించిన నివేదికలో తెలంగాణము కొంతకాలము వేరుగా నుండవలెననియు, మరాఠీ విదర్భను వేరుచేసి, మిగిలిన మధ్యపరగణాలను మధ్యభారత, వింధ్యప్రదేశ, భోపాలు రాజ్యములతో చేర్చి ఒక మహారాష్ట్రమును, అనగా మిక్కిలి పెద్ద రాష్ట్రమును, కావింపవలెననియు సూచింపబడెను. తెలంగాణమును గూర్చిన సూచన నిలువలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర తెలంగాణ నాయకులు కూర్చుండి, పెద్దమనుష్యుల ఒప్పందమని పేరుపడిన పత్రముపై సంతకములు చేసిరి. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒకవైపు. బూర్గుల రామకృష్ణరావు, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నర్సింగరావు మరియొకవైపు. ఆ యొప్పందములోని మాటలు తరువాత ఎట్లు నెరవేరినవో, నెరవేరకపోయినవో తెలుగువారందరెరిగినదే. దానిపై నిట కాలము వెచ్చింపను.

కాని ఆ యొప్పందమునకు కొన్నివారముల ముందు, 1956 జనవరిలో, రాజనందగావులో జరిగిన మరియొక సభ మన తెలుగు చరిత్రలలో నెక్కడను కానరాదు. డాక్టరు ఖూబ్‌చంద్ బాఘేల్‌గారు ఛత్తీస్‌గఢ్ మహాసభను స్థాపించినది అప్పుడే. ఈయన మన ధర్సీవా ప్రాంతపు బిడ్డ. 1900వ సంవత్సరమున పథరీ గ్రామమున జన్మించి, పట్టాభిగారివలెనే వైద్యుడై, ఆయనవలెనే స్వాతంత్ర్యోద్యమమున కారాగారము చూచి, కులభేదముల నిరసించుచు ఛత్తీస్‌గఢీలో నాటకములు వ్రాసి ఊరూర ఆడించినవాడు. ఛత్తీస్‌గఢీ మాటాడువారు, తమ వరిపొలములును అడవులును గనులును గల ఈ భూభాగమును తామే పాలించుకొనవలెనన్నది ఆయన కోరిక. ఏర్పడనున్న విశాలరాష్ట్రములో తమ మాట వినబడదన్నది ఆయన భయము. బాపట్లలో 1913వ సంవత్సరమున ఆంధ్రమహాసభ సమావేశమైనప్పుడు మద్రాసును గూర్చి మన పెద్దలు పలికిన మాటలకును, రాజనందగావులో ఆ విశాలరాష్ట్రమును గూర్చి వీరు పలికిన మాటలకును భేదమెంత? నాకు భేదమేమియు కనబడదు.

ఇక ఆ యేటి దినచర్యను గూర్చి చెప్పవలెను. ఇందు నాకు ఆధారము గ్రంథములకంటె ఎక్కువగా పెద్దల నోటిమాటలు.

తెలుగువారు ఈ ప్రాంతమునకు వచ్చిన దారి ఇనుపదారి. విజయనగరమునుండి బొబ్బిలి, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముందుల మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931 నాటికి పూర్తియై, విశాఖపట్టణపు రేవునకు ఈ మధ్యదేశమును కలిపెను. ఆ మార్గము వేసినప్పుడును, వేసిన తరువాత దానిని కాపాడుటకును శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి పట్టాలపై పనిచేయు గ్యాంగుకూలీలు, ఫైరుమనులు, పాయింట్సుమనులు, గుమాస్తాలు వచ్చిరి. బెంగాల్ నాగపూరు రైల్వేలో చేరినవారు 1955 ఆగస్టునుండి ఆగ్నేయ రైల్వే ఉద్యోగులైరి. జీతపుచీటిపై పేరు మారినది, చేతిలోని సుత్తి మారలేదు. రైల్వే క్వార్టర్ల వెనుక మునగచెట్టు, గోంగూరమడి, ముంగిట ముగ్గు, ఊరినుండి ఎవరు సెలవుపై వచ్చినను చింతపండు, బెల్లము, ఎండుమిరప మూటలు. మన ఇండ్లలో చద్దన్నము తిని పనికి పోవుటయు, ఇచటి రైతులు బాసీ తిని పొలమునకు పోవుటయు ఒకటే యని మొదట గుర్తించినది మన యాడువారు. రెండు కుటుంబముల నడుమ మాట కలియుటకు ముందే ఉల్లిపాయయు పచ్చిమిరపకాయయు చేతులు మారినవని మా తల్లిగారు చెప్పుచుండెడివారు. పుష్యపూర్ణిమనాడు ఛేర్‌ఛేరా యని కేకలు వేయుచు పిల్లలు ఇంటింట వడ్లు అడుగుచు తిరుగునప్పుడు, మన పిల్లలును సంచులు పట్టుకొని వారితో పోయిరి. అప్పటికి సంక్రాంతి ముగ్గుల రంగులింకను వాకిళ్ల మాసిపోకుండెడివి.

రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు పైసలు, పైసకు మూడు దమ్మిడీలు లెక్కగా నడచిన కడపటి సంపూర్ణ సంవత్సరమది. 1957 ఏప్రిలు ఒకటినుండి నయాపైసలు వచ్చినవి. తూకములును అంతే. ఇచటి అంగడివారు సేరు, ఛటాకులతో తూచిరి. వడ్లను కాఠాతోను ఖండీతోను కొలిచిరి. మనవారు మనసులో వీశలకును కుంచములకును మార్చుకొని లెక్క సరిచూచుకొనిరి. ఈ కొలతలన్నిటిని మెట్రిక్ పద్ధతికి మార్చు శాసనము 1956 డిసెంబరు చివర వెలువడెను. లెక్కరాని కూలివానికి ఆ పరివర్తనము ఏ రాజ్యాంగసవరణకంటెను పెద్దది. తన కష్టమునకు వచ్చు కూలిని ఏ నాణెములలో ఎంచుకొనవలెనో క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చెను.

పల్లెలలో విద్యుద్దీపము లేదు. కిరసనాయిలు లాంతరు వెలుతురులోనే చదువులు. ఊరి సంగతులు పోస్టుకార్డుపైనను, ఇంటికి పంపు సొమ్ము మనియార్డరులోను నడచెను. మద్రాసునుండి వచ్చు ఆంధ్రపత్రికయు, ఆంధ్రప్రభయు రైలులో ఆలస్యముగా చేరి, ఒక ప్రతి పది యిండ్లు తిరిగెను. చందమామ మాత్రము తెలుగునను హిందీనను దొరకుటచేత, మన పిల్లవాడును పొరుగు పిల్లవాడును ఒకే బొమ్మను చూచుచు చెరియొక భాషలో కథ చదువుకొనగలిగిరి. ఇంట తెలుగు, బడిలో హిందీ, ఆటలో ఛత్తీస్‌గఢీ: ఈ మూటిలో ఏది యెప్పుడు మాటాడవలెనో మన పిల్లలకెవ్వరును నేర్పలేదు.

ఆ సంవత్సరము జూన్‌లో హిందూ వారసత్వ చట్టము వచ్చి, తండ్రి స్వార్జితమున కూతురికిని హక్కు కలిగించెను. రైల్వే క్వార్టరులో నున్నవానికి ఆస్తి యేమున్నదని కొందరనుకొనిరేమోగాని, ఊర ఎకరమో రెండెకరములో ఉన్న కుటుంబములలో దాని ఫలితము తరువాతి తరమున స్పష్టముగా కనబడెను. సెప్టెంబరు ఒకటిన జీవితబీమా సంస్థ ఏర్పడి, దేశములోని ప్రైవేటు కంపెనీల జీవితబీమా వ్యాపారమంతయు అందులో కలిసిపోయెను. పట్టాభిగారు బందరులో పెంచిన ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ జీవితబీమా శాఖయు అట్లే ప్రభుత్వపరమయ్యెను. తాను నాటిన వృక్షమును జాతి తీసికొనుచున్నప్పుడు, దానిని నాటినవాడు ఒక రాష్ట్రమున జాతి ప్రతినిధిగా కూర్చుండియుండుట విశేషము.

ఏప్రిలునుండి రెండవ పంచవర్షప్రణాళిక మొదలయ్యెను. అంతకుముందు సంవత్సరము ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో కుదిరిన యొడంబడిక ప్రకారము, దుర్గ్ జిల్లాలోని భిలాయిలో సంవత్సరమునకు పదిలక్షల టన్నుల ఉక్కు చేయు కర్మాగారము లేవనుండెను. దల్లీ రాజహరా కొండలలోని ఇనుపరాయి దానికి ఆహారము. పనిముట్లతో పాటు పనివారును అన్ని దిక్కులనుండి రాజొచ్చిరి. వారిలో తెలుగువారు తక్కువ కాదు. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాదుగారు తొలి కొలిమిని ప్రారంభించునాటికి భిలాయిలో తెలుగు వీధులే యేర్పడినవి. ఈ సభలో కూర్చున్నవారిలో అనేకుల వంశచరిత్ర ఆ కొలిమి చెంతనే మొదలగుచున్నది. సిల్తరాలోని నేటి కర్మాగారములకును మూలము అచటనే వెదకవలెను. అయితే ఉక్కునగరము లేచిన చోట పొలములు దున్నుకొనిన గ్రామములుండెడివి. ఆ రైతుల బిడ్డలకు ఆ ఉక్కులో పాలెంత వచ్చినదన్న ప్రశ్నను బాఘేల్‌గారివంటివారు ఆనాడే అడిగిరి. దూరమునుండి వచ్చి ఉద్యోగము పొందిన మనము ఆ ప్రశ్నను వినకపోతిమి.

1956 బుద్ధపరినిర్వాణమునకు రెండువేల యైదువందల యేండ్లు నిండిన సంవత్సరముగా దేశమంతట ఉత్సవము జరిగెను. ఆ కాలముననే మన రెండు దేశముల నేలలు ఒకేమారు బౌద్ధస్మృతులను వెలికిదీయుచుండుట నాకు మిక్కిలి హృద్యమైన విషయము. రాయపూరునకు తూర్పున మహానదీతీరమున సిర్పూరులో సాగరు విశ్వవిద్యాలయ పండితుడు మోరేశ్వర గంగాధర దీక్షితు త్రవ్వకములు జరిపి, ఆనందప్రభు కుటీవిహారమును, అందలి బుద్ధవిగ్రహమును లోకమునకు చూపెను. కృష్ణాతీరమున, 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు నీటిలో మునిగిపోనున్న నాగార్జునకొండలో విహారములను, స్తూపములను త్వరత్వరగా త్రవ్వి తీయుచుండిరి. కోసలమునకు వచ్చిన చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆచార్య నాగార్జునుని కథను ఈ దక్షిణకోసలముతో ముడిపెట్టియే వ్రాసెను. రాజిమ్ చెంత చంపారణ్యమున తెలుగు దంపతులకు వల్లభాచార్యులు జన్మించెనని వైష్ణవసంప్రదాయము చెప్పుచున్నది. రైలు రాకముందే మన రెండు జనములకు నడక దారి యుండెను.

బౌద్ధోత్సవములలో నెల్ల గొప్పది ప్రభుత్వము జరిపినది కాదు. అక్టోబరు 14, విజయదశమినాడు, నాగపూరులో డాక్టరు అంబేద్కరుగారు లక్షలాది అనుయాయులతో బౌద్ధము స్వీకరించిరి. నాగపూరు అప్పటికింకను మన రాజధాని. పక్షము రోజుల తరువాత అది బొంబాయి రాష్ట్రములోనిదగును. డిసెంబరు 6న అంబేద్కరుగారు ఢిల్లీలో పరమపదించిరి. అదే దినమున మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతజట్టు పాకిస్తానుపై ఒక గోలుతో గెలిచి హాకీ స్వర్ణపతకము పొందెను. ఆ దినపు రెండు వార్తలలో ఏది దేశమును ఎక్కువకాలము మార్చునో అప్పటి పాఠకులలో తెలిసినవారు కొందరే.

ఇక నవంబరు ఒకటి. ఆ వారము ప్రపంచము ఎంత క్షోభలో నుండెనో స్మరింపుడు. జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసరు సూయెజ్ కాలువను జాతీయము చేసెను. అక్టోబరు 29న ఇజ్రాయెలు సైన్యము సినాయిలో ప్రవేశించెను; 31న ఆంగ్ల ఫ్రెంచి విమానములు ఈజిప్టుపై బాంబులు కురియజొచ్చెను; నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్టులో దిగి హంగరీ ప్రజల తిరుగుబాటును నలిపివేసెను. మన ప్రభుత్వము సూయెజ్ విషయమున వెంటనే, గట్టిగా పలికెను. హంగరీ విషయమున తడబడెను. అది న్యాయము కాదని నేను స్పష్టముగా చెప్పవలెను. బలహీనుని పక్షమున నిలుచుటకు దిక్కు చూడరాదు. ఈ దూరపు యుద్ధము మనకును తగిలినది: నల్లసముద్రపు రేవులనుండి ఉక్కు కర్మాగారమునకు యంత్రములు తేవలసిన యోడలకు సూయెజే దగ్గరిదారి. అది మరుసటి యేటి వసంతమువరకు మూతపడియుండెను.

అట్టి రాత్రి, దీపావళి ముంగిట, హైదరాబాదులోను భోపాలులోను ఒకేమారు రెండు రాష్ట్రములు పుట్టినవి. హైదరాబాదులో నెహ్రూగారి సమక్షమున ఆంధ్రప్రదేశము అవతరించి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రియు, చందూలాల్ త్రివేది గవర్నరు నయిరి. భోపాలులో క్రొత్త మధ్యప్రదేశమునకు గవర్నరు పట్టాభి సీతారామయ్య. ముఖ్యమంత్రి మన రాయపూరు న్యాయవాది, వృద్ధుడైన రవిశంకర శుక్లా. తెలుగువారికొక రాష్ట్రము కావలెనని నలుబదియేండ్లు పోరాడిన మనుష్యుడు, అది సంపూర్ణముగా సిద్ధించిన దినమున, అచట లేక, హిందీవారి రాష్ట్రమునకు ప్రమాణము చేయించుచు, ఇంకొక వేదికపై నిలిచియుండెను! ఇందు విధివైపరీత్యమును చూచువారుందురు. నాకు మాత్రము ఇది ఆయనకు దక్కిన గౌరవములలో నెల్ల ఉన్నతమైనదిగా తోచుచున్నది. తన భాషకొక ఇల్లు కోరినవాడు ఇతరుల ఇంటిని కాపాడుటకు అనర్హుడు కాడని ఆయన ఆ రాత్రి కార్యరూపమున చూపెను.

సంవత్సరము శోకముతో ముగిసినది. సెప్టెంబరులో మహబూబ్‌నగరు చెంత వంతెన కూలి రైలు పడిపోయి నూరుమందికి పైగా మరణింపగా రాజీనామా నిచ్చిన రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిని నెహ్రూ అప్పుడు ఆపెను. నవంబరులో అరియలూరులో అట్టి ఘోరమే జరుగగా శాస్త్రి మరల రాజీనామా చేసి వెడలిపోయెను. రైల్వేలో పనిచేయు మనవారి క్వార్టర్లలో ఆయన పేరు తరువాతి కాలమున ఎంత భక్తితో పలుకబడెనో నేను చిన్ననాట వింటిని. డిసెంబరు 31న శుక్లాగారు ఢిల్లీలో కీర్తిశేషులైరి. క్రొత్త రాష్ట్రమున ఆయన పాలన రెండు నెలలు. మరుసటి జూన్‌లో పట్టాభిగారు పదవి విడిచిరి. 1959 డిసెంబరులో లోకమునే విడిచిరి. బాఘేల్‌గారు తన రాష్ట్రమును చూడకయే 1969లో గతించిరి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2000వ సంవత్సరమున, నవంబరు ఒకటవ తేదీననే, ఆంధ్రప్రదేశమునకు నలుబదినాలుగేండ్లు నిండిన దినమున, ఏర్పడెను.

రాష్ట్రములు పుట్టిన ఆ 1956 నవంబరు ఒకటినుండియే అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు ఏడవ సవరణలో 350-ఏ అను అధికరణము కలదు. రాష్ట్రములో భాషాల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభించుటకు రాష్ట్రమును స్థానికసంస్థలును సదుపాయములు కల్పింప ప్రయత్నింపవలెనని దాని యాదేశము. సొంత రాష్ట్రము వెలుపల నున్న మనవంటివారి కొరకే అది వ్రాయబడినది. మన పిల్లలకు తెలుగు బడి కావలెనని అడుగుటకు మనకు రాజ్యాంగమున ఒక అధికరణమైనను ఉన్నది. పొరుగున నున్న ఛత్తీస్‌గఢీ పిల్లవాడు ఇచట అల్పసంఖ్యాకుడు కాడు గనుక అది వానికి వర్తింపదు. వాని భాష రాజ్యాంగపు ఎనిమిదవ పట్టికలోను లేదు. 2007లో రాష్ట్ర శాసనసభ దానికి రాజభాషాస్థానము నిచ్చినను, బడిలో మొదటి యక్షరము వాడు పెక్కుచోట్ల నేటికిని హిందీలోనే దిద్దుచున్నాడు. తెలుగు బడికై మనము వ్రాయు ప్రతి విజ్ఞాపనములోను ఛత్తీస్‌గఢీ బడి కోరు వాక్యము నొకదానిని చేర్చుట మన ధర్మమని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఈ ఉపన్యాసపరంపర నిర్వహించుచున్న పెద్దలకును నాదొక ప్రార్థన: పథరీ గ్రామము మనకు దూరము కాదు, వచ్చు సంవత్సరము ఈ వేదికపై పట్టాభిగారి పటము ప్రక్కన డాక్టరు బాఘేల్‌గారి పటమునుంచి, ఆ యూరివారిలో నొకరిని పిలిచి, వారి భాషలోనే ఉపన్యాసము చెప్పింపవలెను.